ఊరికే నిలబెట్టిన టగ్గు

నడిసముద్రంలో చిక్కుకున్న ఓడను లాగగల పెద్ద సాల్వేజ్ టగ్గు ఒకదాన్ని విశాఖ రేవు బయట సర్కారు డబ్బుతో ఏడాది పొడుగునా సిద్ధంగా ఉంచాలా, అవసరం పడ్డప్పుడు బజారులో దొరికేదాన్ని పిలుచుకోవాలా? వాదించేవాళ్లలో ఒకాయన కోఠిలో వైరు రోపులు, చైన్ పుల్లీలు అమ్ముతాడు. రెండో ఆయన టగ్గుల్లో పనిచేసి విశాఖలో స్థిరపడ్డవాడు.

కోఠి: అన్నా, మా హైదరాబాదుకు సముద్రం లేదు గానీ సాల్వేజ్ అంటే ఏందో మాకు తెల్వనిది కాదు. 1990 మార్చి 10న బుద్ధుడు హుస్సేన్ సాగర్ల పడ్డడు. రాయగిరి గుట్ట నుంచి తెచ్చిన ఒక్కటే రాయి, 58 అడుగులు, మూడు వందల టన్నుల పైమాటే. బార్జి ఒరిగింది, దాని మీదున్నోళ్లు కొందరు పాణాలు పోగొట్టుకున్నరు, విగ్రహం పోయి అడుగున పండుకున్నది. 1992 డిసెంబర్ల లేపి నిలబెట్టిండ్రు. ఇంకో విగ్రహం ఎప్పుడన్న పడుతదేమోనని సర్కారు ట్యాంక్‌బండ్ మీద పెద్ద వించ్ పెట్టి, దానికొక ఆపరేటర్‌ను కూసోబెట్టి జీతమిచ్చిందా? ఇయ్యలె. పనొచ్చింది, పని తెలిసినోళ్లను పిలిచిండ్రు, పనైనంక పంపిండ్రు. మీ టగ్గు సంగతిల నేననేది గంతే.

విశాఖ: బుద్ధుడు కాబట్టి ఆగాడు తమ్ముడూ. రెండున్నరేళ్లు దాటి నీళ్లలో ఉన్నా రాయికేమీ కాలేదు, చెరువుకీ కొత్తగా వచ్చిన నష్టం లేదు. ముడిచమురు నింపుకున్న ట్యాంకరు రెండున్నర గంటలు కూడా ఆగదు. లెక్క వేసుకో. ఒడ్డుకు ఐదు మైళ్లలో ఇంజను ఆగిపోయింది. తుపాను గాలికి గంటకు రెండు మైళ్ల చొప్పున కొట్టుకొచ్చింది. రెండున్నర గంటల్లో రాళ్ల మీద ఉంటుంది. సింగపూర్ నుంచి పెద్ద టగ్గు రావాలంటే మంచి వాతావరణంలో కూడా నాలుగైదు రోజులు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీకి నువ్వు ఎవర్ని పిలుస్తావు?

ఇంకో మాట. ఇది సముద్రం ఉన్నవాళ్ల గొడవ అనుకోకు. విశాఖ రిఫైనరీ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ దాకా పైపులైను ఉంది. ఆ రిఫైనరీ తాగే ముడిచమురు ట్యాంకర్లలోనే వస్తుంది. మా ఊళ్లో రాతి గుహల్లో 13 లక్షల టన్నుల చమురు దాచే వ్యూహాత్మక నిల్వ కేంద్రం కూడా ఉంది. మా తీరం మూతపడితే మీ కోఠి చౌరస్తాలో స్కూటర్లకు తెలుస్తుంది.

కోఠి: లెక్క మంచిగనే ఉన్నది. గానీ గా లెక్కల ఎన్నిసార్లు అనే అంకె లేదు. ఫ్రాన్సోళ్లు బ్రెస్ట్‌ల టగ్గు నిలబెట్టిండ్రంటే అర్థం ఉన్నది. ఉత్తర యూరప్ రేవులకు పోయే ఓడలు దాని ముంగట నుంచే వరుస కడ్తయి. మన దిక్కు గట్ల కాదు. సింగపూర్ నుంచి సూయజ్‌కు పోయే పెద్ద దారి శ్రీలంక కింది నుంచి పోతది. బంగాళాఖాతంలకు వచ్చేటివి ఇక్కడి రేవులతోని పనున్న ఓడలే. ఇగ బ్రిటన్ సంగతి చూడుండ్రి. నాలుగు టగ్గులు పెట్టుకున్నరు, 2011ల తీసేసిండ్రు, స్కాట్లాండ్ కాడ ఒక్కటే మిగిలింది. దక్షిణాఫ్రికోళ్లు 1976ల జాన్ రాస్, దాని జోడు వోల్రాడ్ వోల్టెమాడ్ కట్టిచ్చుకున్నరు, ఒక్కొక్కటి 19,200 హార్స్ పవర్. గంత పేరున్న జోడు ఓడ చివరికి ఏడికొచ్చింది? 2010ల మన ఆలంగ్‌కే, తుక్కు కింద. పని లేని బలాన్ని ఎవడు సాకుతడు అన్నా?

విశాఖ: వోల్టెమాడ్ ముప్పై ఏళ్లు దాటి పనిచేసి తుక్కైంది. మనుషులైనా అంతేగా, రిటైరవుతారు. జాన్ రాస్ పేర్లు మార్చుకుంటూ ఆ తర్వాత కూడా ఆ తీరం కాసింది, అది చెప్పలేదు నువ్వు.

ఎన్నిసార్లు అన్నావు కదా. 2020 సెప్టెంబర్ 3, న్యూ డైమండ్. కువైట్ నుంచి పారాదీప్‌కు, అంటే మన తూర్పు తీరానికే, 2,70,000 టన్నుల ముడిచమురుతో వస్తోంది. శ్రీలంక తూర్పున ఇంజను గదిలో మంటలు లేచాయి. ఒక నావికుడు చనిపోయాడు. మన కోస్ట్ గార్డు, నేవీ, శ్రీలంక నేవీ రోజుల తరబడి నీళ్లు కొట్టి ఆర్పారు. మళ్లీ అంటుకుంటే మళ్లీ ఆర్పారు. కానీ నిప్పు ఆర్పే పని వేరు, కాలుతున్న ఓడ ఒడ్డు వైపు జారకుండా పట్టి ఉంచే పని వేరు. రెండోదానికి గొట్టాలు పనికిరావు, వైరు కావాలి. ఆ వైరు పట్టుకుని ఓడను లోతుకు లాక్కెళ్లింది ఆల్ప్ వింగర్ అనే టగ్గు.

కోఠి: ఆల్ప్ వింగర్ ఎవలది? డచ్చోళ్లది. ఏ సర్కారు నిలబెట్టింది కాదు, కంపెనీ ఓడ. పైసలు కనబడ్డయి, వచ్చింది, పట్టుకున్నది. నా వాదన మీరే చెప్పిండ్రు. ఫలితం రాకుంటే పైసా లేదు అనే లాయిడ్స్ ఒప్పందం గందుకే పుట్టింది. మా మూసీకి వరదొచ్చిన 1908లనే దాని మొదటి అచ్చు ఫారం వచ్చింది. వందేండ్లు దాటినా ఇంకా నడుస్తున్నదంటే గట్టిదే గదా. ఓడ బతికితే దాని విలువల వాటా. మునిగితే మామూలుగ డీజిల్ ఖర్చు కూడ రాదు. గంత ఆశ, గంత భయం పెట్టంగ ఏ సర్కారు ఉద్యోగి పరుగెత్తినట్టు పరుగెత్తుతడు?

విశాఖ: ఆ ఆశా ఆ భయం కలిసి ఏం చేశాయో 1978 మార్చి 16న బ్రిటనీ తీరం చూసింది. అమోకో కాడిజ్ ట్యాంకరుకు పొద్దున చుక్కాని పాడైంది. పసిఫిక్ అనే జర్మన్ టగ్గు మధ్యాహ్నానికి వచ్చింది. ఇటు కెప్టెనేమో మామూలు లాగుడు కూలీ అనుకున్నాడు, టగ్గువాళ్లు లాయిడ్స్ ఫారం అన్నారు. గాలి పెరుగుతూనే ఉంది, రేడియోలో బేరం నడుస్తూనే ఉంది. రాత్రికి ట్యాంకరు రాళ్లెక్కింది. 2,20,000 టన్నులకు పైగా చమురు. మరుసటేడే ఫ్రాన్స్ బ్రెస్ట్‌లో అబేయ్ ఫ్లాండ్ర్‌ను నిలబెట్టింది. తర్వాత దాని చోటుకు 200 టన్నుల బొల్లార్డ్ పుల్ ఉన్న అబేయ్ బుర్బోన్‌ను తెచ్చుకుంది. అంటే కదలకుండా నిలబెట్టి పరీక్షిస్తే 200 టన్నుల బలంతో లాగే ఓడ. నిలబెట్టిన టగ్గు కెప్టెను బేరమాడడు. వాడి జీతం వాడికి ముందే వచ్చేసింది.

కోఠి: గా కథల ఇంకో సగం ఉన్నది, నేను చెప్తా. పసిఫిక్ వచ్చింది, కట్టింది, లాగింది. గొలుసు తెగింది. బేరం అంటే అందరికి యాదికుంటది, గొలుసు మర్చిపోతరు. పదివేల హార్స్ పవర్ టగ్గు గా గాలికి చాలలె. బేరం లేకుండ రాంగనే కట్టినా గదే టగ్గు, గదే గొలుసు. అటెన్క 1989ల సాల్వేజ్ చట్టం మార్చిండ్రు. ఓడ మునిగినా సముద్రాన్ని కాపాడేందుకు పెట్టిన ఖర్చు వస్తది ఇప్పుడు. అంటే మీరు చెప్పిన రోగానికి మందు దొరికింది.

విశాఖ: గొలుసు మాట నిజం. ఆ రోజు బేరం లేకపోయినా ఓడ బతికేదని ప్రమాణం చేసి చెప్పలేను. కానీ చట్టం ఖర్చు తిరిగిస్తుంది, దూరం తగ్గించదు.

కోఠి: దూరం సంగతి పక్కకు పెట్టి వైరు సంగతి మాట్లాడుదం, అది నా ధంధా. మా దుకాణానికి పాత రోపులు పట్టుకొస్తరు, క్రేనువి, లిఫ్టువి. పైన గ్రీజు నిగనిగ మెరుస్తది. మొనదేలిన సువ్వ లోపలికి పొడిచి పేట విడదీస్తే ఎర్ర పొడి రాలుతది. నడుమ నార ఎండి పీచైతది. రోజు పనిచేసే రోపు గింత తొందరగ గట్ల కాదు, వంగుతది, నూనె లోపల తిరుగుతది. ఊరికే చుట్టి పెట్టిన రోపే లోపల్నుంచి తినబడ్తది. మీ టగ్గు సముద్రపు ఉప్పుగాలిల మూడేండ్లు నిలబడ్డదనుకోండ్రి. డ్రమ్ము మీద పదిహేను వందల మీటర్ల వైరు. పై పొర చూసి ఇన్స్‌పెక్టర్ సంతకం పెడ్తడు. అడుగు పొర ఎవడు చూసిండు? నిలబెట్టిన టగ్గు అంటే నిలబెట్టిన తుప్పు.

విశాఖ: ఈ దెబ్బ గట్టిగా తగిలింది, నిజంగా. నువ్వు చెప్పనిది ఒకటి నేనే కలుపుతా. వదులుగా చుట్టిన వైరు మీద హఠాత్తుగా బరువు పడితే పై చుట్టు కింది చుట్ల మధ్యకు దిగి కరుచుకుంటుంది. అప్పుడు ఇంకా వదలాలన్నా రాదు, చుట్టాలన్నా రాదు. అందుకే అప్పుడప్పుడూ సముద్రంలోకి వెళ్లి, ఇంకో ఓడకు కట్టి, వైరంతా వదిలి, బిగువు మీద మళ్లీ చుట్టుకోవాలి. ఈ పని చేయని నిలువ టగ్గు బొమ్మే. ఒప్పుకుంటా.

కానీ నీ వాదం టగ్గు పెట్టొద్దని చెప్పదు, టగ్గును కూర్చోబెట్టొద్దని చెబుతుంది. ఆ కసరత్తుతో వచ్చే చేతి అలవాటు ఎందుకు కావాలో విను. ఓడ చచ్చింది, కరెంటు లేదు, దాని వించ్‌లు తిరగవు. ముందుభాగాన ఇద్దరో ముగ్గురో మనుషులు, చీకటి, డెక్ మీద నీళ్లు. మేం వెనక్కి వెనక్కి వస్తూ దాని ముక్కు కిందికి చేరాలి. తుపాకీతో సన్నటి తాడు కొడతాం. మూడోసారికో నాలుగోసారికో గాలి దయతలిస్తే వాళ్ల చేతికి అందుతుంది. సన్నతాడుకు లావుతాడు, దానికి ఇంకా లావుది. చివరికి అసలు వైరు. 76 మిల్లీమీటర్ల ఉక్కు వైరు మీటరుకు ఇరవై నాలుగు కిలోలు పైనే ఉంటుంది. మెషిను లేకుండా ముగ్గురు మనుషులు దాన్ని పైకి లాగలేరు. ఇరవై వేల టన్నులు దాటిన ట్యాంకర్లకు ముందూ వెనకా అత్యవసర లాగుడు సామాను ఉండాలని చట్టం పెట్టింది ఇందుకే. మిగతా ఓడలకు ఆ సామాను లేదు. అందుకని మొదటి ముక్కకు ప్లాస్టిక్ నూలు తాడు వాడతాం. అదే బలానికి ఉక్కులో ఏడో వంతు బరువు, నీళ్లలో తేలుతుంది.

కోఠి: గట్లయితే మొత్తం అదే పెట్టుండ్రి! తుప్పు లేదు, గ్రీజు లేదు. నా దుకాణం మూతపడితే పడుతది.

విశాఖ: బరువే కావాలి తమ్ముడూ అక్కడ. వెయ్యి మీటర్ల ఉక్కు వైరు రెండు ఓడల మధ్య నీళ్లలోకి లోతుగా వేలాడుతుంది. అల వచ్చి ఓడను వెనక్కి గుంజినప్పుడు ముందు ఆ వేలాడే వంపు తిన్నగా సాగాలి, ఆ తర్వాతే వించ్ మీద దెబ్బ. తేలికపాటి తాడుకు ఆ వంపు లేదు, కుదుపంతా ఒక్కసారే తగులుతుంది. మొనతేలిన అంచు రాసుకుంటే కోసుకుపోతుంది కూడా. ఉక్కుకైనా టగ్గు వెనక అంచు మీద ఒకే చోట రాపిడి పడనివ్వం, అప్పుడప్పుడూ రెండు మూడు మీటర్లు వదిలి రాపిడి చోటు మారుస్తాం. ఇవన్నీ చేతికి అలవాటు కావాలి. ఏడాదంతా రిగ్గులకు సామాను మోసే సిబ్బందిని తుపాను రాత్రి పిలిచి చేయమంటే ఎలా?

కోఠి: చేతి అలవాటు సంగతి అంటే నాకు భయం ఇంకో దిక్కు నుంచి ఉన్నది. 2007 ఏప్రిల్‌ల షెట్‌లాండ్ దగ్గర బుర్బోన్ డాల్ఫిన్. కొత్త ఓడ, పెద్ద వించ్, పని తెలిసిన కంపెనీ. రిగ్గు లంగరు గొలుసు పట్టుకున్నది. గొలుసు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జారింది, ఓడ ఒరిగింది. అత్యవసరంగ వదిలే బటన్ నొక్కిండ్రు, గొలుసు మెల్లగ పోయింది. బోర్లా పడ్డది. పదిహేను మందిల ఎనిమిది మంది పోయిండ్రు, కెప్టెన్ కొడుకు, చిన్న పిల్లగాడు, వాడు కూడ. వించ్ ఎంత పెద్దదైతే పట్టు గంత గట్టిది, పట్టు ఎంత గట్టిదైతే వదిలేది గంత కష్టం. ఇగ మా బుద్ధుణ్ణి ముంచింది లాగే బలం తక్కువైనందుకా? కాదు, బార్జి నిలకడ లేక. 2025 మే నెలల కొచ్చి బయట ఎంఎస్‌సి ఎల్సా 3 ఒకనాడు 26 డిగ్రీలు ఒరిగింది, తెల్లారి మునిగింది, 640 కంటైనర్లతోని. దానికి ఎన్ని వందల టన్నుల బలం కట్టినా నిటారుగ నిలబడేదా? మీరేమో ప్రతిదానికి తాడు అంటున్నరు.

విశాఖ: ఎల్సా 3ను తాడు నిలబెట్టేది కాదు. అది నీ ఖాతాలో రాసుకో. బుర్బోన్ డాల్ఫిన్ గురించి మాట్లాడేటప్పుడు నాకూ గొంతు తగ్గుతుంది. ఆ రకం వించ్‌లకు 2026 జనవరి నుంచి అంతర్జాతీయ చట్టంలో ప్రత్యేక నిబంధన వచ్చింది, పందొమ్మిదేళ్ల తర్వాత. కానీ చూడు, ఆ ఓడ లాగుడుకు కాదు, వ్యాపారపు తొందరలో లంగరు పనికి వెళ్లింది. కాపలా టగ్గు సిబ్బందికి ఎవరి తొందరా లేదు.

నువ్వు చెప్పబోయే తర్వాతి మాట నాకు తెలుసు. కేజీ బేసిన్‌లో రిగ్గుల దగ్గర లంగరు టగ్గులున్నాయి, వాటిని పిలవొచ్చు కదా అంటావు.

కోఠి: అంట. బరాబర్ అంట. ఒప్పందంల ఒక్క వాక్యం రాపిచ్చుండ్రి, ప్రమాదం జరిగితే పని వదిలి రావాలె అని. రోజుకు లక్షల కిరాయి మిగులుతది.

విశాఖ: 2021 మే, తౌక్తే తుపాను, ముంబై తీరం. చమురు క్షేత్రం నిండా ఓడలే. పి-305 బార్జికి సొంత ఇంజను లేదు. లంగర్లు జారాయి, కొట్టుకుపోయింది, మునిగింది. 261 మందిలో 186 మందిని నేవీ, మిగతా ఓడలూ బయటపడేశాయి. వరప్రద అనే టగ్గు తానే మునిగిపోయింది. తుపాను రాత్రి ప్రతి టగ్గుకూ తన ప్రాణం ఉంటుంది, తన రిగ్గు ఉంటుంది. ఒప్పందంలో నువ్వు రాయించిన వాక్యాన్ని ఆ రాత్రి ఎవడు చదువుతాడు? అదే తుపానులో గాల్ కన్‌స్ట్రక్టర్ బార్జి దగ్గరకు వాటర్ లిల్లీ వెళ్లింది. అది అత్యవసర లాగుడుకని పెట్టుకున్న ఓడ, వేరే పని దానికి అడ్డం రాలేదు.

కోఠి: వాటర్ లిల్లీ పోయింది, మంచిదే. గానీ పి-305 గదే రాత్రి, గదే తీరంల మునిగింది గదా అన్నా. ఒక్క టగ్గు ఒక్క చోటనే ఉంటది. గింత పొడుగు తీరానికి ఒకటి పెడ్తరు, తుపాను దాన్ని చూసి ఇంకో కాడికి పోతది. రెండు పెట్టుండ్రి, మూడు పెట్టుండ్రి, ఏడికి ఆగుతది ఈ లెక్క?

మీ ఇంటి ముంగటి సంగతే తీసుకోండ్రి. 2020 అక్టోబర్ 13న బంగ్లాదేశ్ ఓడ ఎం.వి. మా, లంగరు జారి తెన్నేటి పార్కు కాడ ఒడ్డెక్కింది. పదిహేను మంది సిబ్బంది మంచిగనే ఉన్నరు. మల్ల నీళ్లల్లకు దింపుదమని చూసిండ్రు, కాలె. ఆఖరికి టూరిజమోళ్లు హోటల్ చేద్దమన్నరు. పెద్ద రేవు పక్కన, టగ్గులున్న ఊర్ల, నేవీ ఉన్న ఊర్ల గట్లయింది. హిందుస్థాన్ షిప్‌యార్డ్ 50 టన్నుల బొల్లార్డ్ పుల్ టగ్గులు కట్టేది ఆడనే గదా? టగ్గు లేక పోయిందా అది?

విశాఖ: రేవు టగ్గుకు వించ్ ముందు వైపు ఉంటుంది, పొట్టి తాడు ఉంటుంది, ఓడను జెట్టీకి నొక్కి పెట్టడానికి. తుపానులో విరుగుతున్న అలల మీదికి దాన్ని పంపడం సిబ్బందిని చంపుకోవడమే. ఒడ్డెక్కిన తర్వాత లాగడం వేరే విద్య. ఒడ్డెక్కక ముందు, లంగరు జారుతున్న ఆ కొన్ని గంటల్లో పట్టుకోవాల్సింది. అది సముద్రపు టగ్గు పని.

కోఠి: ఆ కొన్ని గంటలల్ల ఎవరు చెప్పాలె పట్టుకొమ్మని? ఓడ ఓనరు వద్దంటడు, ఖర్చని. కెప్టెన్ లంగరు పట్టుతదంటడు. రేవోళ్లు మా హద్దు కాదంటరు. మీ టగ్గు పొగ ఊదుకుంట పక్కన నిలబడుతది.

విశాఖ: ఆ జబ్బు బ్రిటన్‌కూ ఉండేది. 1996లో సీ ఎంప్రెస్ మిల్‌ఫర్డ్ హేవెన్ దగ్గర రాయి తగిలి, రోజుల తరబడి అందరూ తలో సలహా ఇస్తుంటే 72,000 టన్నుల చమురు ఒలికింది. ఆ తర్వాత 1999లో ఒక్క మనిషిని పెట్టుకున్నారు. మంత్రి కూడా అడ్డుచెప్పలేని, ఓనరు ఒప్పుకోకపోయినా లాగమనే అధికారం ఉన్న ఒకే ఒక్కడు.

కోఠి: ఇగో, ఇప్పుడు దొరికింది అసలు సామాను. నాకు గా మనిషిని ఇయ్యుండ్రి. ఆయనకు ఒక ఫోను, ఒక కుర్చీ, ఏ టగ్గునైనా ఆ నిమిషంల పట్టుకునే కాయితం. ఏడాది జీతం మీ టగ్గు వారం డీజిల్ కాదు.

విశాఖ: ఇస్తా. రాత్రి రెండింటికి ఆయన ఫోన్ ఎత్తి లాగండి అంటాడు. ఫోన్ అవతల ఎవరున్నారు?

కోఠి: మీ టగ్గే ఉన్నదనుకోండ్రి. మూడేండ్ల సంది ఎవలు లాగమనలె. బడ్జెట్ల కోత పడ్డది, వైరు వదిలి చుట్టే కసరత్తుకు డీజిల్ మంజూరు కాలె. అప్పుడు ఫోన్ ఎత్తేటోడు ఏమంటడు?

విశాఖ: వస్తున్నాం అంటాడు. అలా అన్నాక ఆ వైరు లోపల ఏముందో నీకూ నాకూ ఇద్దరికీ తెలుసు. అందుకే డీజిల్ కోయొద్దంటున్నా.

కోఠి: నేను డీజిల్ కోసేటోళ్లను చూసినోణ్ణి గాబట్టే టగ్గు వద్దంటున్న.